గట్టు మీది చెట్టు దర్వాజ ఎట్లయితది?

(నర్సంపేట వైపు ఒక చిన్న కోత మిల్లు ఆవరణలో, రైతులు, ఐటీఐ విద్యార్థుల ముందు ఆ మిల్లు నడిపే పెద్దమనిషి మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినవి. మాట తీరు మార్చలేదు.)

అందరికి నమస్కారం. ఎనకున్నోళ్లకు వినవడుతుందా? మైకు జర పక్కకు పెట్టుండ్రి, దాంతోని పని లేదు. మిల్లుల పనిచేసెటోళ్లకు మెల్లగ మాట్లాడుడు ఎట్లయినా రాదు.

ముందుగాల ఒకటి అడుగుత. మీ గట్టు మీద చెట్టు కొట్టిచ్చినప్పుడు ఎట్ల అమ్మిన్రు? చెప్పుండ్రి. టన్ను లెక్క. ఆ, టన్ను లెక్కనే. ఇంకెవరన్నా? గుత్తకు. గుత్తకంటే మొత్తం చెట్టుకు ఇంత అని. సరే. మరి టన్ను లెక్కన పోయిన చెట్టు యాడికి పోయింది? ఇటుక బట్టీకి పోయింది. లేకుంటే హోటలు పొయ్యిలకు పోయింది. మీ తాత నాటిన వేపచెట్టు రెండు రోజులల్ల బూడిదైంది. అదే ఏడాది మీరు ఇంటికి తలుపు కొన్నరు. ఏం తలుపు? రంపపు పొట్టు అతికిచ్చి పైన కాయితం ఏసిన తలుపు. వానకాలం అది కింద తడిసి ఉబ్బుతది. అప్పుడు నా దగ్గరికి వస్తరు, అన్నా, కింద ఒక చెక్క ముక్క కొట్టియ్యి అని. కొట్టిస్త, కాదన. గాని మీ చెట్టును మీరే కాలవెట్టి, దాని పొట్టును మీరే పైసలు పెట్టి కొనుడేందయ్యా?

నేను చెప్పేది ఒక్కటే ముచ్చట. చెట్టు కొట్టక తప్పదు అనుకున్ననాడు, అది నిలబడి ఉన్నప్పుడే దాంట్ల ఏమున్నదో చూసుకోవాలె. దర్వాజ ఉందా, మంచం కోళ్లు ఉన్నయా, దూలం ఉందా. కింద పడ్డంక, అడుగుకు ఒక ముక్క నరికినంక చూస్తె దాంట్ల పొయ్యిల కట్టె తప్ప ఏం కనవడదు. నరికేటోడు ఎట్ల నరుకుతడు? ట్రాలీల పట్టేటట్టు నరుకుతడు. ఆయనకు మీ దర్వాజతోని ఏం పని?

సైజు కట్టె అమ్మినా లెక్క తెల్వాలె. ఐటీఐ పిల్లలు, ఫోన్లు తీయుండ్రి, లెక్క చేద్దాం. దుంగ చుట్టూత టేపు తిప్పుతరు. గోలాయి అంటం కద. 4 అడుగులు వచ్చిందనుకో. దాన్ని నాలుగుతోని భాగిస్తె 1. ఒకటి ఇంటూ ఒకటి, ఇంటూ పొడవు 10 అడుగులు. ఎంతయింది? 10 సీఎఫ్‌టీ. సీఎఫ్‌టీ అంటె ఘనపుటడుగు. ఇంగ్లీషోళ్ల కాలం సంది కట్టె బజార్ల ఇదే లెక్క. ఇప్పుడు మీ బడిల చెప్పిన లెక్క చెయ్యుండ్రి, పై ఆర్ స్క్వేర్ ఇంటూ పొడవు. ఎంతొచ్చింది? గట్టిగ చెప్పు బిడ్డా. 12.7. మరి 2.7 యాడికి పోయింది? నూటికి 21 పైన మాయం.

మోసం అని నేననను. గుండ్రటి దుంగను నలుచదరం చేసెటప్పుడు నాలుగు దిక్కుల అంచులు పోతయి, ఆ తరుగు ముందే తీసేసిన లెక్క అది. గాని ఆ అంచులు ఎవరింటికి పోతున్నయి? కొన్నోని ఇంటికి పోతున్నయి. మీ దుంగ మీరే కోపిచ్చుకుంటె ఆ అంచు చెక్కలు మీ ట్రాలీలనే వస్తయి. కోళ్ల గూడుకయితయి, బర్ల కొట్టానికి అడ్డమయితయి, ఆఖరుకు పొయ్యిలకయితయి. పొట్టు సుత మీదే. ఇదివరకు పొట్టు పొయ్యిలు ఉండె, యాదికున్నయా అక్కా? ఇప్పుడు బర్ల కింద పరుస్తున్నరు.

ఇగ కొట్టే ముందు కాయితం. ఈ ముచ్చట చెప్తె అందరు తల కిందికి వేస్తరు. 2002ల వాల్టా చట్టం వచ్చింది. దాని పేర్లనే నీళ్లు, భూమి, చెట్లు, మూడూ ఉన్నయి. మనోళ్లకు బోరు ఏసెటప్పుడే వాల్టా యాదికొస్తది. పట్టా భూమిల చెట్టయినా అనుమతి అడగాలె. టేకు, జిట్రేగి అసొంటివి అయితె కోసినంక బండి మీద ఏసుకొని రోడ్డెక్కాలంటె ఫారెస్టోళ్ల రవాణా పర్మిట్ చేతిల ఉండాలె. కొన్ని జాతులకు సడలింపులు ఉన్నయి. గాని ఛాయ హోటల్ల చెప్పిన మాట నమ్మకుండ్రి. రేంజి ఆఫీసుకు పోయి అడుగుండ్రి, కాయితం మీద రాపిచ్చుకోండ్రి. ఒకరు అట్లనే ఎవరో చెప్పిన మాట పట్టుకొని సొంత టేకు ఏసుకొని వచ్చిండు, చెక్‌పోస్టు కాడ బండి ఆగింది. చెట్టు తనదే, భూమి తనదే, కాయితం లేదు. ఏం చేస్తడు?

మిల్లు సంగతి ఇంకా గట్టిది. 1995ల తమిళనాడు వైపు గూడలూరు అడవుల మీద సుప్రీంకోర్టుల కేసు వడ్డది. 1996 డిసెంబర్ 12న కోర్టు ఆర్డరిచ్చింది. గూడలూరు యాడ, నర్సంపేట యాడ! గాని దేశంల కట్టె మిల్లుల మెడ మీద తాడు బిగిసింది ఆ కేసుతోనే. మా మిల్లు మా నాయిన కాలం నాటిది కాబట్టి లైసెన్సు ఉంది. ఇంటి ఎనక రంపం బల్ల పాతి, ఇంజను కట్టి, ఊరోళ్లవి కోస్త అంటె అది మిల్లు కిందికే లెక్క, దానికి సుత లైసెన్సు కావాలె. ఆ పని మాత్రం చెయ్యకుండ్రి.

అసలు కొట్టుడు అవసరమా అని సుత అడగాలె. 2021, 22ల మన వేపచెట్లకు ఏమైందో యాదికుందా? కొసల కాంచి మాడుకుంట వచ్చినయి. నర్సంపేట నుంచి హనుమకొండ పోయె తొవ్వ పొడుగూత ఎండినట్టే కనవడ్డయి. ఫోమోప్సిస్ అనే బూజు తెగులు అది. మా మిల్లుకు ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు వచ్చినయి, చెట్టు సచ్చిపోయింది కోసియ్యి అని. గోరుతోని బెరడు గీకి చూస్తె లోపల పచ్చగనే ఉంది. ఓపిక పట్టినోళ్ల చెట్లు చానా మట్టుకు మళ్ల చిగురేసినయి. కాబట్టి ముందు గోరు పెట్టి గీకుండ్రి. గొడ్డలి తర్వాత.

సరే, కొట్టాల్సిందే. ఎట్ల కొట్టాలె? ఇక్కడ జర నిదానంగ చెప్త, ఎందుకంటే ఇక్కడ తప్పు పోతె మళ్ల సవరిచ్చుకునుడు ఉండది.

చెట్టు చుట్టు ఒకసారి తిరుగుండ్రి. ఎటు వంగింది, కొమ్మల బరువు ఎటున్నది, కరెంటు తీగెలు యాడున్నయి, మొదలుకు తొర్ర ఉందా. గొడ్డలి ఎనుకతోని కొట్టి వినుండ్రి. గట్టిగ ఉంటె గట్టి చప్పుడు, డొల్ల ఉంటె డప్పు చప్పుడు. ఎటు పడాలెనో అటు దిక్కు ముందుగాల గాటు పెట్టాలె. ఎంత లోతు? మొద్దు మందంల నాలుగో వంతు, మహా అంటే మూడో వంతు. నోరు తెరిచినట్టు గాటు పెట్టి ఆ ముక్క తీసెయ్యాలె. అప్పుడు ఎనక నుంచి కోత. ఎనక కోత గాటు కన్నా జర ఎత్తుల ఉండాలె, రెండు వేళ్లంత. ఎనక నుంచి కోసుకుంట వచ్చి మొత్తం తెంపద్దు. ఇదే అసలు ముచ్చట. గాటుకు, ఎనక కోతకు నడుమ కొంత చెక్క వదిలిపెట్టాలె, మొద్దు మందంల పదో వంతు. తలుపుకు మడత బందు ఎట్లనో చెట్టుకు అది అట్ల. దాని మీదనే చెట్టు వంగుకుంట, మనం చెప్పిన దిక్కే పడ్తది. అది తెగిందా, ఇగ చెట్టు మన మాట వినది. గాలి మాట వింటది.

చైన్ మిషను వచ్చినంక పోరగాళ్లు ఏం చేస్తున్నరు? గాటు లేదు, ఏం లేదు, ఒకటే దిక్కు నుంచి సర్రున కోసేస్తున్నరు. ముందుకు బాగ వంగిన చెట్టును అట్ల కోస్తె ఏమయితది? సగం కోయంగనే మొద్దు నిలువునా చీలుకొని, ఎనక చెక్క నిట్టనిలువుగ పైకి లేస్తది. కోసెటోని మొకం యాడుంటది అప్పుడు? సరిగ్గ అక్కడనే ఉంటది. గొడ్డలి కాలంల ఇట్లాంటిది తక్కువ, ఎందుకంటే గొడ్డలితోని నిదానంగ పోతది, చెట్టు పలికేది వినవడ్తది. మిషను చప్పుడుల ఏం వినవడుతది? అందుకే కోసెటోడు ఒకడు, పైకి చూసెటోడు ఒకడు ఉండాలె. పడేటప్పుడు నేరుగ ఎనుకకు ఉరకద్దు, ఐమూలగ పక్కకు జరగాలె. ఆ తొవ్వ ముందే సాపు చేసి పెట్టుకోవాలె. మిగిలినోళ్లు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంల ఉండాలె. ట్రాక్టరు కట్టి గుంజేది ఉంటె తాడు సుత అంత పొడుగు ఉండాలె.

గాలికి పడ్డ చెట్టు నిలబడ్డ చెట్టు కన్నా ప్రమాదం. మీకు ఎరికే కద, 2024 ఆగస్టు 31న ములుగు దిక్కు అడివిల, తాడ్వాయి, మేడారం నడుమ గాలొచ్చి ఒక్క సాయంత్రంల 50 వేల చెట్ల దాకా పడ్డయని అప్పుడు ఫారెస్టోళ్లు చెప్పిన్రు. నేను పోయి చూసి వచ్చిన. ఏర్లతోని సహా లేచి, మట్టి గోడ లెక్క నిలబడి ఉన్నయి మొదళ్లు. కొమ్మలు ఒకదాని మీద ఒకటి బిగుసుకొని ఉన్నయి. అసొంటి దాన్ని నడుమ కోస్తె ఏమయితది? బరువు తేలికయి ఏరు మొదలు దబ్బున ఎనుకకు పోయి గుంతల కూసుంటది, లేకుంటె కోసిన కొస ఎగిరి తంతది. గుంత దిక్కు ఎవ్వరు నిలబడద్దు, పిల్లలను అసలు రానియ్యద్దు. ముందుగాల ఎటు బిగిసి ఉందో చూసి, నొక్కుకున్న దిక్కు చిన్న గాటు పెట్టి, గుంజుకున్న దిక్కు నుంచి తెంపాలె. అడివిల పడ్డది మనది కాదు, అది సర్కారుది. గాని అట్లాంటి గాలే మన తోటల మీదికి వచ్చిననాడు ఇది పనికొస్తది.

ఏ చెట్టు దేనికి? ఇది పెద్దయ్యలకు నా కన్నా ఎక్కువ ఎరిక, జల్ది చెప్పి పోత. వేప దర్వాజలకు, పెట్టెలకు, చెద తొందరగ ముట్టది. నల్లతుమ్మ అంటే బండి చక్రాలు, నాగండ్లు, దెబ్బకు తట్టుకుంటది. బండ్లు పోయినయి గాని గడ్డపార కామలకు, గొడ్డలి కామలకు ఇప్పటికీ దానికి సాటి లేదు. మామిడి మెత్తది, పురుగు పడ్తది, సెంట్రింగు పలకలకు పోతది. తాటి ముసలిదయితేనే దూలానికి, బయటి నల్ల భాగమే గట్టిది, లోపలంత పీచు. టేకు సంగతి అందరడుగుతరు. గట్టు మీద పదిహేనేండ్ల కింద పెట్టిన టేకు కోసి చూస్తె చుట్టూత తెల్ల చెక్కనే ఎక్కువ, చేవ, అంటె లోపలి గట్టి చెక్క, నడుమ పిడికెడు. పేరు టేకే, తెల్ల చెక్కను పురుగు తినేది తింటనే ఉంటది. ఇంకో పదేండ్లు ఉంచుండ్రి అంటె ఎవరు వింటరు!

మొల సంగతి మాత్రం మర్చిపోకుండ్రి. ఊరి నడుమ వేపచెట్టుకు, తుమ్మచెట్టుకు ఫ్లెక్సీలు కొట్టిన మొలలు ఉంటయి, దండెం కట్టిన కొండ్లు ఉంటయి. చెట్టు వాటిని మింగి మీద చెక్క కప్పేస్తది. బయటికి ఏం కనవడది. తుమ్మల ఒక గుర్తుంది: పలక మీద నీలం నలుపు మరక చారెడంత కనవడితె ఆగుండ్రి, లోపల ఇనుము ఉన్నట్టే. తుమ్మ చెక్కల వగరు ఉంటది కద, ఇనుము తాకితె నల్లగయితది. ఆ మరక చూసి ఆగితె ఒక రంపం మిగులుతది. ఎలచ్చన్లు అయిన ఏడాది మా రంపాలకు పళ్లు ఎక్కువ పోతయి, నవ్వకుండ్రి, నిజం.

ఇగ ఇంజను. పోరగాళ్లు దీని కోసమే వచ్చిన్రని నాకెరుకే. ఇది లిస్టర్ టైపు డీజిలు ఇంజను. అసలుది ఇంగ్లండుల డర్స్‌లీ అనే ఊర్ల 1930 ప్రాంతంల మొదలయింది. మన దగ్గరికి వచ్చినవి మట్టుకు గుజరాత్‌ల రాజ్‌కోట్ కార్ఖానాలల్ల దాన్ని చూసి పోతపోసినవి. 6 హార్స్ పవర్, నిమిషానికి 650 చుట్లు. అంతే. ఇప్పటి ఇంజన్లు 2 వేలు, 3 వేలు తిరుగుతయి. ఇది నిదానంగ తిరుగుతది కాబట్టే ఇన్నేండ్లు బతికింది. ముందుగాల మా బావి మీద మోట బదులు వచ్చింది. తర్వాత గిర్నికి కట్టిన్రు, జొన్నలు, మిరపకాయలు పట్టింది. కరెంటు మోటర్లు వచ్చినంక ఊర్లల్ల ఇసొంటివన్ని కొట్టాల పడ్డయి. 2018 జనవరి 1 సంది యవుసానికి 24 గంటల కరెంటు వచ్చినంకనయితె పాతసామాన్లోళ్లు కిలోల లెక్కన తూకం ఏసి కొండవోయిన్రు. మా పెద్ద బ్యాండ్ రంపం సుత కరెంటు మోటరు మీదనే నడుస్తది, దాచుడు ఎందుకు. చిన్న దుంగలకే ఈ ఇంజను, ఈ చక్రం రంపం.

ఎందుకు ఉంచిన మరి? డీజిలు గంటకు లీటరు, లీటరున్నర నడుమ తాగుతది. కరెంటు కన్నా సస్త ఏం కాదు. గాని దీన్ని విప్పి చూడొచ్చు. ఏ సామాను పోయినా వరంగల్ల దొరుకుతది, దొరకకుంటె లేతు మీద చేపిస్తం. నీళ్లకు పంపు లేదు, ఫ్యాను లేదు. పక్కన డ్రమ్ము ఉంది చూడుండ్రి, వేడి నీళ్లు పైకి పోతయి, సల్ల నీళ్లు కిందికెళ్లి వస్తయి, దానంతల అదే తిరుగుతది. ఐటీఐల బొమ్మ గీసి చెప్పేది ఇక్కడ చెయ్యి పెట్టి చూడొచ్చు. పై గొట్టం పట్టుకోకుండ్రి, కింద గొట్టం పట్టుకోండ్రి.

పుల్లీ లెక్క చెప్త. ఇంజను పుల్లీ 24 అంగుళాలు, రంపం పుల్లీ 12. ఇంజను ఒక చుట్టు తిరిగితె రంపం రెండు చుట్లు. 650 రెండింతలు, 1300. రంపం అడ్డం కొలత 24 అంగుళాలు. మరి పన్ను నిమిషానికి ఎంత దూరం ఉరుకుతది? చెయ్యుండ్రి. 8 వేల అడుగుల పైన, అంటె రెండున్నర కిలోమీటర్లు. నిమిషానికి! ఈ ఇంజను టుక్ టుక్ అంటున్నదని దగ్గరికి పోకుండ్రి, టుక్ టుక్ అనేది ఇంజను, రంపం కాదు. పుల్లీ చిన్నది ఏసి ఇంకా ఉరికిస్త అనేటోళ్లు ఉంటరు. రంపం వేడయి వంకర పోతది, 6 హార్స్ పవర్‌కు దమ్ము చాలది. దుంగను మనం తోసినంత జల్ది కోయాలె అనుకోవద్దు, రంపం తీసుకున్నంతే ఇయ్యాలె. ముడి వచ్చిన కాడ ఇంజను గొంతు బరువయితది. అది విని చేతులు ఆపాలె. చెక్క కోసుకుంట పోతాంటె ఎనక మళ్ల మూసుకొని రంపాన్ని పట్టుకుంటది, అందుకే కోసిన సందుల చీల పెడ్తం. చీల పెట్టకుంటె దుంగ ఎనుకకు తంతది.

మిల్లుకు తెచ్చుకోలేనంత పెద్ద మొద్దు ఉంటె? చేన్ల పడ్డ చింత మొద్దును ఏ ట్రాక్టరు లేపుతది? దానికి చైన్ మిషను పట్టీకి ఇనుప చట్రం బిగిస్తరు. మొద్దు మీద సక్కటి అల్యూమినియం నిచ్చెన పెట్టి, అది సాపుగ ఉండెటట్టు మొలలు కొట్టి, చట్రాన్ని నిచ్చెన మీద జారిస్తరు. మొదటి కోత సక్కగ వస్తె తర్వాతి పలకలన్ని సక్కగ వస్తయి, మొదటిది వంకర పోతె అన్ని వంకరనే. చైను మాత్రం వేరే సాన పెట్టాలె. అడ్డం కోసె చైను పన్ను 30 డిగ్రీల వాలు ఉంటది, నిలువు కోతకు 10 డిగ్రీలే. అడ్డం చైనుతోని నిలువు కోస్తె మిషను మొత్తుకుంటది, పొట్టు బదులు పిండి రాల్తది. పిండి రాలిందంటె ఆపి ఆకురాయి పట్టాలె.

తరుగు సుత చూసుకోండ్రి. చైను 8, 9 మిల్లీమీటర్లు తింటది. చక్రం రంపం 5, 6. బ్యాండ్ రంపం 2, 3. అంగుళం పలకలు కోసెటప్పుడు చైనుతోని మూడు కోతలకు ఒక పలక పొట్టయి పోతది. ఎనకట ఇద్దరు, ఒకరు గుంతల, ఒకరు పైన నిలబడి పెద్ద రంపంతోని కోసెటోళ్లు. పెద్దయ్యా, మీరు గుంతల ఉండెటోళ్లా, పైనా? గుంతలనా! కండ్లల్ల పొట్టు పడి, నెత్తి మీద గుడ్డ కట్టుకొని... ఆ కష్టం మళ్ల రావాలని నేననను.

కోసుడు సగం పనే. ఇక్కడనే మనోళ్లు ఆగం చేస్తరు. కోసిన తెల్లారి వడ్లాయన దగ్గరికి తీస్కపోతరు, గృహప్రవేశం దగ్గరికొచ్చింది, తలుపు చెయ్యి అని. పచ్చి చెక్క ఎండినకొద్ది కుంచించుకపోతది. అన్ని దిక్కుల ఒక్క తీరు కుంచించుకపోతె బాధ లేదు. చెట్టు వయసు వలయాల పొంటి కుంచించుకునేది, నడుమ నుంచి బయటికి కుంచించుకునేదానికి సుమారు రెండింతలు ఉంటది. అందుకే పలక దోనె లెక్క వంగుతది, అందుకే దవ్వ, అంటె దుంగ నట్టనడిమి మెత్తటి భాగం, ఉన్న ముక్క పగులుతది. దవ్వను పలకలల్ల రానియ్యద్దు, అది తీసి పక్కకు పెట్టాలె.

మన కాడ ఎండకు కరువా? ఎండల పెడితె జల్ది ఎండుతదనుకుంటరు. ఏప్రిల్, మే ఎండల పెట్టిన పలక కొసలు రెండు రోజులల్ల జానెడు చీలుతయి. కొసల నుంచి నీళ్లు జల్ది పోతయి, నడుమ నుంచి పోవు, అదే కారణం. కోసిన నాడే కొసలకు పాత రంగో, మైనమో పుయ్యాలె. ఏం లేకుంటె పేడ, మట్టి కలిపి మెత్తుండ్రి. నీడల, గాలి ఆడె కాడ, భూమికి మూరెడు ఎత్తుల పేర్చాలె. పలకకు పలకకు నడుమ అంగుళం పట్టీలు, రెండడుగులకు ఒకటి. పట్టీలు ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగ రావాలె, పక్కకు జరిగితె పలక అక్కడనే వంగుతది. మీద బరువు రాళ్లు పెట్టాలె. అంగుళం మందానికి ఏడాది లెక్క పెట్టుకోండ్రి. ఆగలేమంటరా? ఒక చిన్న ముక్క అదే పేర్పుల పెట్టి వారానికోసారి కిరాణం కొట్టుల తూకం ఏయుండ్రి. బరువు తగ్గుడు ఆగితె ఎండినట్టు. వానకాలం తూకం మళ్ల పెరుగుతది, అది చూసి పరేషాన్ కాకుండ్రి.

తుమ్మ దుంగలను, తాటి దూలాలను మన పెద్దలు చెరువుల పడేసి నెలలకు నెలలు నానవెట్టెటోళ్లు. వాసన కొడ్తదని ఇప్పుడెవరు పెడ్తలేరు. చెక్కల ఉండె పిండి పదార్థం నీళ్లల్ల నాని పులిసి తగ్గిపోతది, దాని కోసమే వచ్చె పురుగుకు తిండి దొరకది. తెల్ల చెక్క ఎక్కువున్న కట్టె ఉంటె ఇప్పటికీ ఆ పని చెయ్యొచ్చు, చెరువుల చాపలు పట్టెటోళ్లను ముందు అడిగి.

ఇగ చాలు, మిగిలింది చూస్తె తెలుస్తది. ఆ పక్కకున్న తుమ్మ దుంగ కోద్దాం, దాని రైతు ఇక్కడనే ఉన్నడు, కాయితం సుత ఉంది. కండువాలు, చున్నీలు తీసి లోపల పెట్టుండ్రి, లుంగీ కట్టుకున్నోళ్లు బెల్టు దిక్కు రావద్దు. బెల్టుకు ఎదురుంగ ఎవరు నిలబడద్దు, తెగితె ఆ గీత మీదనే కొడ్తది. రంపం గీత మీద సుత ఎవరు ఉండద్దు. పిల్లలల్ల ఇద్దరు రాండ్రి హ్యాండిలు తిప్పనీకి. ఉంగరాలు తీయుండ్రి. బొటనవేలు హ్యాండిలు చుట్టు వెయ్యద్దు, నాలుగు వేళ్ల దిక్కే పెట్టాలె. ఎనుకకు తంతె బొటనవేలు పోతది. ఈ మీట లేపి పట్టుకుంట నేను. బాగ ఉరికినంక ఇడుస్త. ఇడిసినంక హ్యాండిలు దానంతల అదే జారి వస్తది, గట్టిగ పట్టుకొని పక్కకు జరుగు. ఎవరొస్తరు ముందుగాల?